రక్తనాళాన్ని కావాలని మూయడం: ఎంబోలైజేషన్ గురించి ఒక కుటుంబం అడిగిన ప్రశ్నకు జవాబు

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే నా జవాబంతా ఆ వివరాల మీదే ఆధారపడి ఉంది. సూళ్లూరుపేట దగ్గర వ్యవసాయం చేసుకునే మీ నాన్నగారికి 62 ఏళ్లు. 12 ఏళ్ల కిందట టీబీ వస్తే ఆరు నెలలూ మానకుండా మందులు వాడారు. పది రోజులుగా కఫంలో ఎర్రటి చారలు కనిపిస్తున్నా ఆయన ఎవరికీ చెప్పలేదు. మొన్న రాత్రి దగ్గుతో పాటు టీ గ్లాసు నిండేంత నెత్తురు పడేసరికి, మీరు వేళచ్చేరిలో ఉంటున్నందువల్ల, ఆయనను చెన్నైకి తెచ్చి ఆసుపత్రిలో చేర్చారు. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో పాత టీబీ మచ్చలు, వెడల్పైపోయిన గాలిగొట్టాలు, వాటి చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు కనిపించాయని, ఒకటి రెండు రోజుల్లో బ్రాంకియల్ ఆర్టరీ ఎంబోలైజేషన్ చేస్తామని డాక్టర్లు చెప్పారు. అప్పుడు మీ మేనమామగారు అడిగిన మాట మీ ఇంటిల్లిపాదినీ ఆలోచనలో పడేసింది: రక్తనాళం మూసుకుపోతేనే కదా గుండెపోటు, పక్షవాతం వచ్చేది, అలాంటప్పుడు డాక్టర్లే పూనుకొని నాళాన్ని మూసేస్తే ఆ ఊపిరితిత్తి చచ్చుబడిపోదా? దీనికి తోడు, మీ అక్కగారికి గర్భసంచిలో గడ్డలున్నాయంటే అక్కడా ఇదే పేరు చెప్పారని, రెండు వేర్వేరు జబ్బులకు ఒకే చికిత్స ఎలా అవుతుందని కూడా మీరు అడిగారు.

మీ మేనమామగారి ప్రశ్న చాలా సరైనది. నేను చెన్నైలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నాను. గూడూరు, నెల్లూరు, తిరుపతి వైపు నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబాలు ఈ ప్రశ్నను నన్ను ఎన్నోసార్లు అడిగాయి. ఈ చికిత్స చేసే గది, క్యాథ్ ల్యాబ్, తలుపు దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో చెప్పిన జవాబు వారికి ఏనాడూ చాలలేదని నాకు తెలుసు. కాబట్టి ఇక్కడ కొంచెం విపులంగానే రాస్తాను.

ముందు మాట అర్థం చూద్దాం. గ్రీకు భాషలో ఎంబోలోస్ అనే మాటకు బిరడా లాగా లోపలికి దూర్చేది అని అర్థం. 19వ శతాబ్దం మధ్యలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో, కాళ్ల సిరల్లో కట్టిన నెత్తురు గడ్డ ఊడి, ప్రవాహంలో కొట్టుకుపోయి, ఊపిరితిత్తి ధమనిలో ఇరుక్కుంటుందని చూపించి, ఆ పరిణామానికి ఎంబోలిజం అని పేరు పెట్టారు. అది జబ్బు, ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎంత నష్టం చేస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఎంబోలైజేషన్ అంటే అదే పనిని వైద్యుడు తాను ఎంచుకున్న నాళంలో, తాను ఎంచుకున్న పదార్థంతో, ఎక్స్‌రే తెర మీద ప్రతి క్షణం చూసుకుంటూ చేయడం. రెండింటిలోనూ నాళం మూసుకోవడం ఒకటే. మూసిన నాళం ఏది, దాని అవతల ఏముంది, ఆ అవతలి భాగానికి వేరే దారిలో నెత్తురు అందుతుందా అన్న మూడు సంగతులే ఒకదాన్ని ప్రమాదంగానూ మరొకదాన్ని వైద్యంగానూ చేస్తాయి.

మీ నాన్నగారికి చెప్పాలంటే ఇలా చెప్పండి. ఒక చేనుకు రెండు కాలువల నీరు వస్తోందనుకుందాం. ఒకటి పెద్ద కాలువ, నిదానంగా పారుతుంది, చేనంతా దాని మీదే ఆధారపడి ఉంది. రెండోది సన్నని పిల్లకాలువ, కానీ ఎత్తు నుంచి వస్తున్నందువల్ల జోరెక్కువ. ఆ పిల్లకాలువ గట్టు తెగి నీరు ఇంట్లోకి వస్తోందంటే, ఎవరైనా ముందు చేసే పని ఆ పిల్లకాలువకు మడవ కట్టడమే. పెద్ద కాలువ పారుతూనే ఉంటుంది కనుక చేను ఎండిపోదు. చేనుకు ఉన్నది ఒక్కటే కాలువ అయితే మాత్రం, మడవ కట్టే ముందు పదిసార్లు ఆలోచించాలి.

ఊపిరితిత్తికి సరిగ్గా ఇలాగే రెండు రక్త ప్రవాహాలున్నాయి. గుండె కుడివైపు నుంచి వచ్చే పల్మనరీ ధమనులు శరీరంలోని నెత్తురంతటినీ గాలి పట్టించడానికి ఊపిరితిత్తుల్లోకి తెస్తాయి. వాటిలో ఒత్తిడి తక్కువ. రెండోవి బ్రాంకియల్ ధమనులు. ఇవి గుండె ఎడమవైపు నుంచి వచ్చే మహాధమని నుంచి, వీపు వెన్నుపూసల్లో అయిదు, ఆరు పూసల ఎత్తులో పుట్టి, గాలిగొట్టాల గోడలకు పోషణ ఇస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలో గుండె పంపే మొత్తం నెత్తురులో వీటి వాటా సుమారు ఒక శాతమే. కానీ వీటిలో ఉండేది మహాధమని ఒత్తిడి, అంటే చేతికి పట్టీ కట్టి మనం కొలిచే బీపీ. టీబీ మానినా దాని మచ్చలు మిగిలిన చోట, గాలిగొట్టాలు వెడల్పై చీము, కఫం నిలిచే చోట, ఈ సన్నని ధమనులు ఏళ్ల తరబడి లావెక్కి, మెలికలు తిరిగి, పలచని గోడలతో గాలిగొట్టం ఉపరితలానికి దగ్గరగా వచ్చేస్తాయి. ఏదో ఒక రాత్రి గట్టిగా దగ్గినప్పుడు అందులో ఒకటి చిట్లుతుంది. దగ్గులో పెద్ద ఎత్తున నెత్తురు పడేవారిలో పది మందిలో సుమారు తొమ్మిది మందికి మూలం ఈ బ్రాంకియల్ ధమనులే. పోషణకు వచ్చే ఆ పిల్లకాలువను మూస్తే, పెద్ద కాలువ నుంచీ చుట్టుపక్కల ఉన్న చిన్న నాళాల నుంచీ అందే నెత్తురుతో ఊపిరితిత్తి నిలుస్తుంది. మీ మేనమామగారి ప్రశ్నకు మీ నాన్నగారి విషయంలో జవాబు ఇదే.

టీ గ్లాసు నెత్తురే కదా, ఇంత హడావుడి ఎందుకని కొందరు అడుగుతారు. శరీరం మొత్తంలో అయిదు లీటర్ల నెత్తురున్న మనిషికి 150 మిల్లీలీటర్లు పోవడం ప్రాణాంతకం కాదు, నిజమే. కానీ గొంతు నుంచి గాలిగొట్టాల చివరి వరకూ గాలి తిరిగే దారి మొత్తం కూడా ఇంచుమించు 150 మిల్లీలీటర్లే. ఈ జబ్బులో మనిషి నెత్తురు పోయి కాక, నెత్తురు నిండి ఊపిరాడక పోతాడు. చారలుగా మొదలైనది పది రోజుల తర్వాత గ్లాసు దాకా రావడమంటే, తర్వాతి విడత ఎప్పుడు, ఎంత వస్తుందో చెప్పలేమని అర్థం. ప్రస్తుతం ఆగింది కదా, ఊరికి వెళ్లిపోదామని ఆయన అంటున్నారని రాశారు. దయచేసి ఒప్పుకోకండి. ఇంజెక్షన్లు నెత్తురును ఆపాయి గాని ఆ నాళం ఉబ్బును తగ్గించలేదు. గట్టు తెగిన చోట తాత్కాలికంగా గడ్డ అడ్డుపడింది, అంతే.

ఇక చేసే పద్ధతి. 1953లో స్వీడన్‌కు చెందిన స్వెన్ ఇవార్ సెల్డింగర్, ధమనిలోకి సూది గుచ్చి, అందులోంచి మెత్తటి తీగను పంపి, సూది తీసేసి, ఆ తీగ మీదుగా సన్నని గొట్టాన్ని ఎక్కించే ఉపాయాన్ని ప్రచురించారు. కోత లేకుండా రక్తనాళాల్లోకి వెళ్లే ప్రతి చికిత్సకూ ఇప్పటికీ అదే పునాది. 1972లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్, యోసెఫ్ రోష్ బృందం, కడుపులో నెత్తురు కారుతున్న రోగికి అతని నెత్తురునే గడ్డకట్టించి, ఆ గడ్డను గొట్టం ద్వారా పంపి ధమనిని మూసిన సంగతిని వెల్లడించింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ఫ్రాన్స్‌లో జాక్ రెమీ బృందం దగ్గులో నెత్తురు పడేవారికి బ్రాంకియల్ ధమనులను మూయడం మొదలుపెట్టింది. అంటే ఇది మీ నాన్నగారి మీద చేసి చూసే కొత్త ప్రయోగం కాదు. అర్ధ శతాబ్దపు అనుభవం ఉన్న చికిత్స.

ఆ రోజు జరిగేది ఇది. తొడ మొదట్లో గాని మణికట్టు దగ్గర గాని చర్మానికి మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. చాలామంది మెలకువగానే ఉంటారు. సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల లావున్న గొట్టాన్ని మహాధమనిలోకి పంపి, బ్రాంకియల్ ధమని మొదలును వెతికి, నాళాలు ఎక్స్‌రేలో కనిపించేలా చేసే ద్రవాన్ని, అంటే డైని, ఎక్కించి బొమ్మలు తీస్తారు. డై వెళ్లినప్పుడు ఛాతీలో వేడిగా అనిపిస్తుంది, దగ్గు రావచ్చు; అది ప్రమాద సూచన కాదని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. తర్వాత ఆ గొట్టం లోపలి నుంచి మిల్లీమీటరు లావైనా లేని మరో గొట్టాన్ని, మైక్రోక్యాథెటర్‌ను, జబ్బు ఉన్న కొమ్మ లోతుకు నడుపుతారు. అక్కడి నుంచి మూసే పదార్థాన్ని కొద్దికొద్దిగా వదులుతూ, ప్రవాహం నెమ్మదించి నిలిచిపోయేదాకా తెర మీద చూస్తారు. సులువుగా దొరికే నాళమైతే గంటలో అయిపోతుంది; పాత టీబీలో పక్కటెముకల నాళాలు, చంక వైపు నుంచి వచ్చే నాళాలు కూడా దెబ్బతిన్న భాగంలోకి కొమ్మలు వేసి ఉంటాయి కాబట్టి, వాటన్నిటినీ వెతికి మూయడానికి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆలస్యమైందని బయట మీరు బెంగపడవద్దు. వెతకకుండా వదిలేసిన నాళమే రెండు వారాల తర్వాత మళ్లీ కారుతుంది; తొందరగా ముగించిన డాక్టరు కంటే ఓపికగా వెతికిన డాక్టరు మీద నాకు నమ్మకం ఎక్కువ.

మూసే పదార్థాన్ని ఎంచుకోవడంలోనే ఈ విద్య సగం ఉంది. జెలటిన్ స్పాంజ్ తాత్కాలికం, కొన్ని వారాల్లో శరీరం దాన్ని కరిగించుకొని నాళం మళ్లీ తెరుచుకుంటుంది. పీవీఏ అనే ప్లాస్టిక్ రేణువులు కరగవు. ప్లాటినం కాయిల్స్ చిన్న స్ప్రింగుల్లా నాళంలో చుట్టుకొని ఉండిపోతాయి. గ్లూ అనేది ఇళ్లల్లో అంటించడానికి వాడే ఫెవిక్విక్ జాతి పదార్థమే. నెత్తురు తగలగానే క్షణాల్లో గట్టిపడుతుంది గనుక, గొట్టంలోనే గడ్డకట్టకుండా ముందు డెక్స్‌ట్రోజ్ ద్రవంతో కడిగి మరీ పంపాలి, అది చేతివాటం ఉన్నవారి పని. బ్రాంకియల్ ధమనులకు ఎక్కువగా వాడేది రేణువులు, అవీ 300 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో సుమారు మూడో వంతుకు, తగ్గనివి. అంతకంటే సన్నవైతే బ్రాంకియల్ నాళాలకూ ఊపిరితిత్తిలోని ఇతర నాళాలకూ ఉన్న సన్నని లంకెల గుండా జారిపోయి, మూయకూడని చోట మూస్తాయి. కాయిల్‌ను ధమని మొదట్లో పెట్టడానికి మేము ఇష్టపడకపోవడానికి కూడా కారణముంది. కాలువ మొదట్లో మడవ కట్టేస్తే దిగువన పక్క బోదెల నీరు వచ్చి చేరుతుంది. తీరా మళ్లీ నెత్తురు పడితే, ఆ దారిలో లోపలికి వెళ్లడానికి మనకే సందు ఉండదు. టీబీ గుంతలో పల్మనరీ ధమని మీదే బుడగ ఏర్పడి చిట్లినప్పుడు మాత్రం కథ వేరు. అక్కడ కాయిలే సరైన సాధనం.

ఇప్పుడు భయపడవలసిన సంగతిని దాచకుండా చెబుతాను. వెన్నుపాముకు పోషణనిచ్చే సన్నని ధమని కొందరిలో ఇదే దారిలో పుడుతుంది. ముఖ్యంగా కుడివైపు బ్రాంకియల్ ధమని చాలామందిలో ఒక పక్కటెముక ధమనితో కలిసి ఒకే మొదలు నుంచి వస్తుంది, ఆ పక్కటెముక ధమని నుంచి వెన్నుపాము కొమ్మ చీలవచ్చు. మీ నాన్నగారి జబ్బు కుడివైపే కాబట్టి ఇది మీకు వర్తించే మాట. రేణువులు పొరపాటున అందులోకి వెళితే కాళ్లు పడిపోయే ప్రమాదముంది. వెన్నుపాముకు రెండో కాలువ ఉండదు. ఇది అరుదుగా జరిగేదే, మైక్రోక్యాథెటర్లు వచ్చాక ఇంకా తగ్గింది, కానీ సున్నా కాదు. ఆ ధమని బొమ్మలో తలపిన్ను వంపులా మెలిక తిరిగి కనిపిస్తుంది. నా తొలి ఏళ్లలో ఒక పెద్దాయనకు మొదటి బొమ్మలో అది కనిపించలేదు; సగం రేణువులు పంపాక ప్రవాహం నెమ్మదించి, రెండో బొమ్మలో ఆ సన్నని గీత తేలింది. వెంటనే ఆపేశాను. ఆయనకు ఏ హానీ జరగలేదు, అయినా ఆ రోజు నుంచి ప్రతి కొన్ని మిల్లీలీటర్లకూ ఒకసారి మళ్లీ బొమ్మ తీసి చూడకుండా నేను ముందుకు వెళ్లలేదు. మీ డాక్టరును మీరు నిస్సంకోచంగా అడగవలసిన ప్రశ్న ఇదే: వెన్నుపాము కొమ్మ కనిపిస్తే ఏం చేస్తారు? దాన్ని దాటి ఇంకా లోతుకు మైక్రోక్యాథెటర్‌ను తీసుకెళ్లగలిగితే మూస్తాం, లేకపోతే వదిలేస్తాం అన్నది సరైన జవాబు.

మిగతా ఇబ్బందులు చిన్నవి. రెండు మూడు రోజులు ఛాతీ నొప్పి, కొద్ది జ్వరం, కొందరికి మింగేటప్పుడు నొప్పి ఉంటాయి. గుచ్చిన చోట నెత్తురు కారకుండా కొన్ని గంటలు కాలు చాపి కదలకుండా పడుకోవాలి. డైలో అయోడిన్ ఉంటుంది కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో ఎంతుందో, ఇంతకుముందు డై పడక దద్దుర్లు వచ్చాయేమో, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారేమో, గుండె కోసం ఆస్పిరిన్ లాంటి మాత్రలు వేసుకుంటున్నారేమో ముందే చెప్పండి. ప్రక్రియ తర్వాత నాలుగైదు రోజులు కఫంలో నల్లటి, ముదురు రంగు నెత్తురు ముక్కలు పడతాయి. అది లోపల నిలిచిన పాత నెత్తురు. ఎర్రగా, తాజాగా పడితే మాత్రం అది వేరే సంగతి, వెంటనే చెప్పాలి.

దీనితో ఆయన జబ్బు నయమైపోతుందా? కాదు. పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి నెత్తురు వెంటనే ఆగుతుంది, ప్రాణాపాయం తప్పుతుంది. కానీ మచ్చలు అక్కడే ఉంటాయి, కొత్త నాళాలు పెరగగలవు. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో మళ్లీ నెత్తురు పడి, మళ్లీ ఎంబోలైజేషన్ చేయించుకున్నవారు తక్కువేమీ కారు. పాత టీబీ గుంతలో ఫంగస్ ఉండ కట్టినవారిలో ఇది మరీ ఎక్కువ. వారి ఊపిరి శక్తి బాగుంటే, నెత్తురు ఆగాక నిదానంగా ఆలోచించి ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో తీయించుకోవడం మంచిది. నెత్తురు ధారగా పడుతున్న సమయంలో చేసే శస్త్రచికిత్స కంటే, ఎంబోలైజేషన్‌తో ఆపి కొన్నాళ్లు ఆగి చేసేది ఎంతో సురక్షితం. స్కాన్‌లో ఫంగస్ ఉండ ఉందా అని అడిగి తెలుసుకోండి.

మరొకటి తప్పనిసరిగా చేయించండి. 12 ఏళ్ల కిందట నయమైన టీబీ మళ్లీ రాలేదని అనుకోవడానికి వీల్లేదు. కఫాన్ని టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపారా అని అడగండి. టీబీ మళ్లీ ఉందని తేలితే మందులే అసలు చికిత్స, ఎంబోలైజేషన్ ఆ మందులు పనిచేసేదాకా మనిషిని నిలబెట్టే సాయం మాత్రమే. ఒకాయన నెత్తురు ఆగిపోయిందన్న ధీమాతో రెండో నెలలోనే టీబీ మందులు మానేసి, ఎనిమిది నెలలకు మునుపటికంటే పెద్ద విడతతో తిరిగి వచ్చారు. మందులు ఇంటి దగ్గర వాడినా ఆసుపత్రిలో ఉండి వాడినంత బాగా పనిచేస్తాయన్న సంగతిని ప్రపంచానికి చూపించినది ఈ నగరమే. 1956లో చేట్‌పట్‌లో మొదలైన టీబీ పరిశోధన కేంద్రం, అప్పటి మద్రాసులోని పేద ఇళ్లలో ఉన్న రోగులనూ శానిటోరియంలో ఉన్న రోగులనూ పోల్చి 1959లో ఆ ఫలితాన్ని ప్రచురించింది. కాబట్టి ఆయన సూళ్లూరుపేటలో ఉండే మందులు వాడవచ్చు. మానకుండా వాడటమే ముఖ్యం.

ఇక మీ అక్కగారి విషయం. చికిత్స పేరు ఒకటే అయినా అక్కడ మూసే నాళం, వాడే కొలత, కోరే ఫలితం వేరు. గర్భసంచికి రెండు వైపుల నుంచీ గర్భాశయ ధమనులు వస్తాయి; లోపల పెరిగిన గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు, దాదాపు పూర్తిగా వీటి మీదే బతుకుతాయి. గర్భసంచికి మాత్రం అండాశయాల వైపు నుంచీ యోని వైపు నుంచీ కూడా నెత్తురు అందుతుంది. రెండు ధమనులనూ రేణువులతో మూస్తే గడ్డ ఎండిపోయి కుంచించుకుపోతుంది, గర్భసంచి నిలుస్తుంది. ఇది తెలిసిన తీరు ఆసక్తికరం. పారిస్‌లో జాక్ రవీనా అనే వైద్యుడు గడ్డలు తీసే ఆపరేషన్‌లో నెత్తురు తక్కువ పోవాలని ముందుగా ధమనులను మూయించేవారు. అలా మూయించుకున్న స్త్రీలలో చాలామందికి బాధలు తగ్గిపోయి ఇక ఆపరేషనే అవసరం పడలేదు. 1995లో ఆయన బృందం దాన్ని ప్రచురించింది.

అధిక రక్తస్రావం ఎక్కువమందికి, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి, తగ్గుతుంది. గడ్డ ఆరు నెలల్లో సగం దాకా తగ్గవచ్చు. మొదటి రోజు పొత్తికడుపు నొప్పి తీవ్రంగా ఉంటుంది, దానికి బలమైన నొప్పి మందు సిద్ధంగా ఉంచుకోవాలి. ఆపరేషన్‌తో పోల్చి చూసిన అధ్యయనాల్లో అయిదేళ్ల లోపల నలుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా మళ్లీ ఏదో ఒక చికిత్స అవసరమైంది. 45 ఏళ్లు దాటినవారిలో కొందరికి నెలసరి శాశ్వతంగా ఆగిపోతుంది. మీ అక్కగారు ఇంకా పిల్లల్ని కోరుకుంటుంటే, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ గురించి ముందుగా మాట్లాడమంటాను. పిల్లలు చాలనుకొని, గర్భసంచి తీయించుకోవడం ఇష్టం లేకపోతే ఎంబోలైజేషన్ మంచి దారి. క్యాన్సర్ అనుమానం గాని, ఇన్‌ఫెక్షన్ గాని ఉంటే చేయకూడదు. ఈ విషయంలో నా పక్షపాతాన్ని దాచను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం ఉన్నారు. మన ఆడపడుచులకు వేరే దారి ఉందన్న మాటైనా చెప్పకుండా ఇంతమందికి తీసేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇదే గర్భాశయ ధమనిని కాన్పు తర్వాత ఆగని రక్తస్రావానికి కూడా మూస్తాము, కానీ అప్పుడు జెలటిన్ స్పాంజ్‌తో. ఆ తల్లికి కావలసింది ఆ రాత్రి నెత్తురు ఆగడమే. కొన్ని వారాలకు నాళం మళ్లీ తెరుచుకుంటే మంచిదే. తెల్లవారుజామున సరిహద్దు అవతలి ఊరి నుంచి అంబులెన్స్‌లో వచ్చిన ఒక అమ్మాయికి అలా చేశాము. మూడేళ్ల తర్వాత రెండో బిడ్డను ఎత్తుకొని ఆమె తల్లి నాకు చూపించడానికి వచ్చింది.

కాలేయంలోనూ ఇదే రెండు కాలువల లెక్క. కాలేయానికి అందే నెత్తురులో సుమారు 75 శాతం పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని తెస్తుంది. కానీ అక్కడ పుట్టే క్యాన్సర్ గడ్డ ధమని నెత్తురు మీదే పెరుగుతుంది. ధమని ద్వారా క్యాన్సర్ మందు పంపి, వెనకే దారి మూసేసే చికిత్సను టేస్ అంటారు. 2002లో బార్సిలోనా, హాంకాంగ్ నుంచి వచ్చిన రెండు అధ్యయనాలు, ఎంపిక చేసిన రోగుల్లో అది ఆయుష్షును పెంచుతుందని చూపించాయి. పోర్టల్ సిర ముందే గడ్డతో పూడుకుపోయి ఉంటే మాత్రం ధమనిని మూయడానికి చాలా జంకుతాము, కారణం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. జాతీయ రహదారి మీద ప్రమాదాల్లో ప్లీహం చిట్లినవారికి, దాని ధమని మొదట్లో కాయిల్ పెట్టి ఒత్తిడి తగ్గిస్తే, జీర్ణకోశం వైపు నుంచి వచ్చే చిన్న నాళాలతో ప్లీహం బతుకుతుంది, నెత్తురు ఆగుతుంది. ఊపిరితిత్తిలో వద్దన్న పనే ఇక్కడ కావలసిన పని.

మెదడు దగ్గర లెక్క మారుతుంది. అక్కడ చాలా ధమనులకు ప్రత్యామ్నాయం లేదు, మూస్తే మీ మేనమామగారు భయపడినట్టే పక్షవాతం వస్తుంది. అందుకే మెదడు ధమని మీద బుడగ వచ్చి చిట్లినప్పుడు, ధమనిని తెరిచే ఉంచి, బుడగ లోపల మాత్రమే ప్లాటినం కాయిల్స్ నింపుతారు. సరైన చోట కుదిరేదాకా వెనక్కి లాక్కోగలిగి, ఆ తర్వాతే విడిపించే కాయిల్‌ను గైడో గుగ్లీల్మీ అమెరికాలో 1990లో తొలిసారి రోగికి వాడారు. 2002లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 2,143 మందిని పోల్చి చూస్తే, ఏడాది తర్వాత మరణించినవారు లేదా ఇతరుల మీద ఆధారపడినవారు పుర్రె తెరిచి ఆపరేషన్ చేసినవారిలో 30.6 శాతం, కాయిల్స్ పెట్టినవారిలో 23.7 శాతం ఉన్నారు.

సమ్మతి పత్రం గురించి ఒక మాట. చెన్నైలో అది ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటుంది. నెల్లూరు వైపు నుంచి వచ్చిన పెద్దలు చదవలేక, అడగడానికి మొహమాటపడి వేలిముద్ర వేసేస్తారు. చాలా ఆసుపత్రుల్లో తెలుగు తెలిసిన నర్సులో డాక్టర్లో ఉంటారు. నాన్నగారికి తెలుగులో చెప్పించాకే సంతకం చేయించండి. ఏ నాళాన్ని మూస్తున్నారు, దేనితో మూస్తున్నారు, మూయలేకపోతే తర్వాత ఏమిటి అన్న మూడూ ఆయనే స్వయంగా వినాలి. ఆరోగ్య పథకం వర్తిస్తుందో లేదో, ఎంబోలైజేషన్ పదార్థాల ఖర్చు విడిగా వేస్తారో లేదో బిల్లింగ్ దగ్గర ఈ రోజే కనుక్కోండి. ఎన్ని రేణువుల సీసాలు, ఎన్ని కాయిల్స్ వాడవలసి వస్తుందో లోపలికి వెళ్లాకే తేలుతుంది గనుక ఆ అంకె మారవచ్చు.

ప్రక్రియ జరిగేలోపు ఈ రాత్రి ఆయన పక్కన ఎవరో ఒకరు మేలుకొని ఉండండి. మళ్లీ నెత్తురు పడితే కూర్చోబెట్టి వీపు తట్టకండి, నీళ్లు తాగించకండి. నర్సును పిలుస్తూనే ఆయనను కుడివైపుకు తిప్పి పడుకోబెట్టండి. జబ్బు ఉన్న ఊపిరితిత్తి కిందికి ఉంటే నెత్తురు అక్కడే నిలుస్తుంది, బాగున్న ఎడమ ఊపిరితిత్తిలోకి పారదు. పాత టీబీ మందుల కార్డు, ఆనాటి ఎక్స్‌రేలు ఊళ్లో ఉంటే రేపు ఉదయానికల్లా తెప్పించండి.